అంబాసిడర్ కింద దూరే ముందు

పాత కారును ఇంటి దగ్గర లేపడంలో రెండు పనులున్నాయి. ఎత్తడం ఒకటి, ఎత్తినదాన్ని పడకుండా ఆపడం రెండోది. జాకీకి మొదటిదే వచ్చు. రెండోది కూడా వచ్చని నమ్మేవాళ్లు జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఏ వాడలోనైనా ఉంటారు. కారు కింద నుంచి బయటికి చాచిన రెండు కాళ్లను బట్టి వాళ్లను గుర్తుపట్టవచ్చు.

ఈ ప్రాంతంలో పాత కారంటే చాలావరకు అంబాసిడరే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు తమ్ముడిగా పుట్టి, 2014 మే దాకా కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో తయారైంది. 2016 అక్టోబరులో వరంగల్ జిల్లా ముక్కలై భూపాలపల్లికి టీఎస్ 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 నంబర్లు వచ్చినా, వేపచెట్టు కింది అంబాసిడర్ మాత్రం ఏపీ 36 గానే ఉండిపోయింది. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ హోదా దొరుకుతుంది. వెనక సీటులో పొదిగిన కోడికి ఆ సంగతి తెలియదు.

జాకీలు పెట్టి లేపినా లేవని హీరోలున్నారు గానీ అంబాసిడర్ లేస్తుంది. బరువు 1,100 కిలోల పైచిలుకు. ఒక కొస ఎత్తితే జాకీ మీద పడేది అందులో ఇంచుమించు సగం. కాబట్టి రెండు టన్నుల ట్రాలీ జాకీ సరిపోతుంది. అయితే దాని లోపల బరువు మోసేది నూనె, ఆ నూనెను ఆపేది వేలెడు రబ్బరు సీలు. సీలు అరిగితే కారు చప్పుడు లేకుండా దిగుతుంది, కింద మనిషున్నాడా లేడా అని చూడదు. అందుకే ఎత్తిన వెంటనే ఇనుప స్టాండ్లు పెట్టి, బరువును వాటి మీదికి దించాలి. భూపాలపల్లిలో ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. కాకతీయ ఖని గనుల్లో సపోర్టు లేని పైకప్పు కిందికి కార్మికుడు అడుగుపెట్టడు. అదే మనిషి ఆదివారం లుంగీ ఎగ్గట్టి ఒట్టి జాకీ కింద దూరితే, అది సెలవు రోజు మహిమ.

స్టాండ్లకు బదులు ఇటుకలు చాలవా అనే బావమరిది ప్రతి ఇంటా ఉంటాడు. ఇల్లంతా మోస్తున్నది ఇటుకే కదా అంటాడు. గోడలో బరువు ఇటుక మొత్తం మీద పరుచుకుంటుంది. కారు ఒక్క అంచు మీదే నొక్కుతుంది. పైగా ఇటుక ముందుగా చెప్పి పగలదు.

స్టాండు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి చిక్కు. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే అన్నీ. డోర్ల కింది పట్టీ తుప్పు పట్టి ఉంటే కారు నిలవదు, స్టాండే సీటు దాకా దూసుకుపోతుంది. వెనక పక్క కమాన్ పట్టీల దగ్గర యాక్సిల్ గొట్టం కింద పెట్టడం మేలు. ముందు పక్క ఇంజిన్ కింది అడ్డబీము చూసుకోవాలి, ఆయిల్ పాన్ జోలికి పోకూడదు.

చాలామందికి తట్టనిది హ్యాండ్ బ్రేకు సంగతి. అది పట్టేది వెనక చక్రాలనే. గేరు పట్టేదీ వాటినే. వెనక కొస ఎత్తితే ఆ రెండు చక్రాలూ గాలిలో వేలాడతాయి, నేల మీదివి మాత్రం ఎటైనా దొర్లడానికి సిద్ధంగా ఉంటాయి. ముందు చక్రాలకు అటూ ఇటూ గట్టి అడ్డుచెక్కలు పెట్టాలి. చక్రాలు నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసుకోవాలి. ఎత్తాక పానా మీద ఎక్కి తొక్కితే కారూ ఊగుతుంది, చూసేవాళ్ల గుండే ఊగుతుంది.

నేల కూడా చూడాలి. మొరం జారుతుంది, వానకు నానిన రేగడి స్టాండును మింగుతుంది. పోర్టికోలో పరిచిన తాండూరు బండ కింద డొల్ల ఉంటే పటుక్కుమంటుంది. చదునైన కాంక్రీటే మంచిది. మే నెల తారు మీదైతే కింద మందపాటి చెక్క వేయాలి.

ఇక జాకీ గొడవే వద్దని కారు కింద తవ్వుకునే గుంత. నైరుతిలో గుంత కూడదని సిద్ధాంతి, ఈశాన్యంలో అయితే బోరు ఎక్కడ వేస్తారని ఇల్లాలు. ఈ తగవు తేలినా పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, గుంతలో చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. వానాకాలంలో కప్పలు సరేసరి. రెండు స్తంభాల లిఫ్టు దర్జాగానే ఉంటుంది గానీ, అయిదడుగుల పైన ఎత్తుండే కారును మనిషెత్తు లేపితే పదడుగుల పోర్టికో శ్లాబుకు టాపు తగులుతుంది. వేపకొమ్మకు చైన్ కప్పీ కట్టే ఆలోచన వచ్చినవాళ్లు ముందు ఆ కొమ్మ వయసు అడగాలి. ఒట్టి ఆయిల్ మార్చడానికైతే ఇనుప ర్యాంపులు చాలు.

స్టాండ్లు పెట్టాక కారును చేత్తో గట్టిగా ఊపి చూడాలి. పడేదేదో మనిషి దూరక ముందే పడాలి. విప్పిన చక్రాన్ని బాడీ కింద పడుకోబెడితే అదనపు కాపలా. దించేటప్పుడు మళ్లీ జాకీతో కొద్దిగా ఎత్తి స్టాండ్లు తీసి, వాల్వు మెల్లగా వదలాలి. దానికి ముందు కింద పానాలు, పిల్లలు, కోడి, బావమరిది ఎవరూ లేరని చూసుకోవాలి. నట్లు ఆఖరిసారి బిగించేది చక్రం నేలను తాకాకే.