పడమటి దేశానికి తూర్పు దారి

అడగనివాళ్లను కూర్చోబెట్టి మరీ తెలియని సంగతులు చెప్పే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయాణంలో అది బాగా ముదిరింది.

అమ్మాయి ఢిల్లీ నుంచి నేరుగా వెళ్లే విమానానికి టికెట్లు తీసింది. తెల్లవారుజామున 4కి బయలుదేరడం, అదే రోజు ఉదయం 6కి దిగడం అని ఉంది. "రెండు గంటలే!" అన్నాను. "మనూరి నుంచి బెజవాడకే అంత పడుతుంది కదండీ" అంది మా ఆవిడ. చలికాలంలో మన గడియారం వాళ్లకంటే పదమూడున్నర గంటలు ముందుంటుంది. అదీ కలిపితే ప్రయాణం పదిహేనున్నర గంటలు. నాలుక కరుచుకున్నానా? లేదు. "నీకు తెలుసో లేదోనని అలా అన్నాను" అన్నాను.

దారి సంగతి కూడా నేనే తేల్చాను. గోడ మీది ప్రపంచ పటంలో అమెరికా ఎడమ కొసన ఉంది. స్కేలు పెట్టి గీత గీశాను: అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్. కిటికీలోంచి ఆఫ్రికా చూపిస్తానని ఆవిడకు మాట కూడా ఇచ్చాను.

విమానం ఎక్కాక ముందున్న తెర మీద చూద్దును కదా, ముక్కు తూర్పుకు తిరిగి ఉంది. చైనా వచ్చింది. జపాన్ వచ్చింది. ఉండబట్టలేక ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి, "అమ్మా, మనం దారి తప్పలేదు కదా?" అని అడిగాను. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ మంచినీళ్లు తెచ్చిచ్చింది. "దిగి ఆటో మాట్లాడండి" అంది మా ఆవిడ.

అక్కడ మనవడు గ్లోబు మీద ఢిల్లీకీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ మధ్య దారం బిగించి చూపించాడు. అది అరేబియా మీదుగా పోలేదు, జపాన్ మీదుగానూ పోలేదు. ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోయింది. అదే అన్నిటికంటే దగ్గరి దారి, సుమారు 12,400 కిలోమీటర్లు. ఎయిర్ ఇండియా మాత్రం 2016 అక్టోబరులో ఈ విమానాన్ని పసిఫిక్ మీదికి మళ్లించింది. ఆ దారి 15,000 కిలోమీటర్లు దాటుతుంది. అయినా అట్లాంటిక్ మీదుగా పోయిన దానికంటే ముందే చేరుతుంది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జోరుగా వీచే గాలి, జెట్ స్ట్రీమ్, వెనక నుంచి నెడుతుందట. "భూమి తిరుగుతోంది కదరా, అందుకే" అని అందుకోబోయాను. భూమితోపాటు గాలీ తిరుగుతుంది తాతయ్యా అని వాడు నా నోరు మూయించాడు.

పాఠం వంటబట్టిందనే అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో పక్క సీటాయనకు గాలి సంగతంతా వివరించి, "చూస్తూ ఉండండి, జపాన్ వస్తుంది" అన్నాను. ఎదురుగాలిలోకి ఎవరు పోతారు? విమానం నేరుగా ఉత్తరానికి, అలాస్కా వైపు తిరిగింది. ఆయన తెరను చూశాడు. మా ఆవిడ నన్ను చూసింది.

బుద్ధి వచ్చిందా అంటారా? ఇల్లు చేరిన మర్నాడే ఆ ఉత్తరపు దారి గురించి వీధి వీధంతా చెప్పి వచ్చాను, మొదటి నుంచీ నాకు తెలిసినట్టే.