నేను కాచింది కళ్ళనే

నేను వెల్డింగ్ షీల్డ్‌ని. ఎర్ర ఫైబర్ డొప్ప, మధ్యలో నల్లద్దం, లోపల పిడి. బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఒకే మేస్త్రి ఎడమచేతిలో పదహారేళ్లు ఉన్నాను. అద్దాలు ఎన్నో మారాయి, డొప్ప నేనే.

వెలుగంటే ఆ షెడ్డులో అందరికీ భయం. ఒక్కసారి నన్ను అడ్డు పెట్టకుండా రాడ్డు తాకిస్తే, ఆ రాత్రే కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. పచ్చి బంగాళదుంప చక్కలు కళ్ల మీద పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న కుర్రాడు మర్నాడు నన్ను వదలడు. పొగ అలా కాదు. అది ఆ రాత్రి ఏమీ అనదు.

రాడ్డు కొస కరిగి ఆవిరయ్యే ఇనుము, మాంగనీసు గాలి తగలగానే మైక్రాన్ కంటే సన్నటి నలుసులవుతాయి. పొగలో ఎక్కువ పాలు రాడ్డుదే. అతుకు కనబడాలని మేస్త్రి ముందుకు వంగేవాడు. పొగ తిన్నగా పైకి లేచి, నా అడుగంచు దాటి, గడ్డం కింద నుంచి లోపలికి వచ్చేది. నేను అడ్డుకోలేకపోయాను. ముక్కుకు కట్టిన తువాలూ ఆపలేదు.

జింకు పూత ఉండే జి.ఐ. పైపులు అతికిన సాయంత్రాల్లో చలిజ్వరం వచ్చేది. నోరంతా లోహపు రుచి. అది జింకు పొగ జ్వరం. ఒకటి రెండు రోజుల్లో తగ్గేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. "బెల్లం తిను మావా, పొగ దిగిపోద్ది" అనేవాడు పక్క షెడ్డు మేస్త్రి. బెల్లం వెళ్లేది కడుపులోకి.

తర్వాత దగ్గు, రాడ్ల కట్ట ఎత్తితే ఆయాసం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చుక్కలు. మొదట చూపించుకున్న చోట టీబీ అనుకున్నారు. కళ్లెలో క్రిమి లేదు. రెండో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పని చేస్తావయ్యా?" అని. అంతకుముందు ఎవరూ అడగని ఆ ప్రశ్న తలచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఫిల్ము తెచ్చి నా పక్క మేకుకే తగిలించాడు మేస్త్రి. డాక్టరు చెప్పినవన్నీ ఓనరుకు చెబుతుంటే విన్నాను. ఆ చుక్కలు ఇనుప ధూళి, పేరు సిడరోసిస్. వెల్డర్ల ఎక్స్‌రేల్లో ఈ మచ్చల్ని 1936లోనే గుర్తించారట. పని మానితే కొంత తేటపడొచ్చు. ఆయాసానికి మాత్రం ఇనుమొక్కటే కారణం కాదు, ఏళ్ల పొగకు గాలిగొట్టాలు వాచిపోయాయి, బీడీ దానికి తోడైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2017లో వెల్డింగ్ పొగను క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. వెల్డర్లకు న్యుమోనియా కూడా తొందరగా పట్టుకుంటుందని, బ్రిటన్‌లో టీకా వేయించుకోమంటారని చెప్పాడట.

ఓనరు చాలాసేపు మాట్లాడలేదు. వారం తర్వాత పొగ లాగే గొట్టం ఒకటి వచ్చింది, కొన్ని మాస్కులూ వచ్చాయి. గొట్టం మూతి అతుక్కి జానెడు దూరంలో ఉంటేనే లాగుతుంది. జరపడం విసుగని కుర్రాళ్లు వదిలేస్తుంటారు.

మేస్త్రి ఇప్పుడు గుమ్మం దగ్గర స్టూలేసుకుని కొలతలు గీస్తాడు. నేను కుర్రాడి చేతికొచ్చాను. "గొట్టం దగ్గరికి జరుపరా! పొగ మీదికి వంగకు, పక్కకుండు" అంటాడు, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటూ.

మొదటి రోజు ఆ కుర్రాడు నన్ను తుడిచాడు. బయటివైపు కాదు, ముఖం ఆనే లోపలివైపు. గుడ్డ తుప్పు రంగుకు తిరిగింది. దాన్ని మేస్త్రికి చూపించి, మాస్కు వెతుక్కోవడానికి వెళ్లాడు.