ఉపకారవేతనమునకు విగ్రహవాక్యము

ముప్పదిరెండేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి, ఇప్పుడు బయ్యారములో పెద్దచెఱువు గాలి పీల్చుచు పింఛను తినుచున్న పండితుడను నేను. సమాసము కంటబడినచో విగ్రహవాక్యము చెప్పింపక విడువలేని దురభ్యాసము పదవీవిరమణముతోనైన పోవునని మా ఇంటివారు ఆశపడిరి గాని, పోలేదు. మొన్న నొకనాడు జిరాక్సు దుకాణము మెట్లమీద, నా యొద్ద పదవ తరగతి చదివి యిపుడు డిగ్రీ రెండవ సంవత్సరమున నున్న తండా పిల్లవాడొకడు చంకలో కాగితముల కట్టతో నిలిచియుండుట చూచి, "ఏమిరా యిది?" అంటిని. "స్కాలర్‌షిప్పు సార్" అనెను. "తెలుగున నేమందురు?" "ఉపకారవేతనం సార్." "విగ్రహవాక్యము చెప్పుము." వాడు నా మొగమువంక జాలిగా చూచి, "ఇంకా రాలేదు సార్" అనెను.

వానికి రానిది విగ్రహవాక్యమో వేతనమో నే నడుగలేదు. తెగిన చెప్పుపట్టీకి గుచ్చిన పిన్నీసు రెండవదాని సంగతి చెప్పుచునే యున్నది. ఇంటికి వచ్చి నేనే యోచింప మొదలిడితిని. ఉపకారము కొఱకు వేతనమని చతుర్థీ తత్పురుషము చెప్పుదమన్న, వేతనమనగా పనిచేసినవానికి చెల్లవలసిన కూలి. కూలి యిచ్చి దానిని ఉపకారమనుట కూలివానికి అవమానము. ఉపకారమనెడు వేతనమని రూపకము చెప్పుదమన్న, ఉపకారము చేయ దలచినవాడు ఏటేట దరఖాస్తు పెట్టుమనడు. ఉపకారమును వేతనమును అని ద్వంద్వము చెప్పుదమన్న, ద్వంద్వమున రెండును ఉండవలెను గదా! సమాసము తేలవలెనన్న దానిని మోయువాని వెంట తిరుగవలెనని నిశ్చయించుకొని, మఱునాడు వానితో బయలుదేరితిని.

అంతర్జాలమున 'ఈ-పాస్' అను ద్వారమొకటి కలదు. పదవ తరగతి పిమ్మట చదువు సాగించు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఈబీసీ విద్యార్థులు సర్కారు సాయము కోరినచో ఆ ద్వారమునుండియే పోవలెను. లోపల రెండు గదులు: కళాశాలకు చేరవలసిన బోధనరుసుము ఆర్టీఎఫ్, విద్యార్థి తిండికిని పుస్తకములకును చేరవలసినది ఎంటీఎఫ్. ఈ పాసు కానిదే ఆ పాసు లేదు. అందు ప్రవేశించుటకు ఆధారు కార్డు, పదవ తరగతి మెమో, నిరుటి మార్కుల మెమో, టీసీ, బోనఫైడు, కులపత్రము, ఆదాయపత్రము, బ్యాంకు పాసుపుస్తకము, ప్రవేశపు కాగితము, ఫొటో అను దశవిధోపచారములు కావలెను. దేవునికి షోడశోపచారములు చేయువాడు పూవు దొరకనిచో అక్షతలు సమర్పించి గట్టెక్కవచ్చును. ఇచ్చట ఆ వెసులుబాటు లేదు. మెమోకు బదులు అక్షతలు వేసిన యంత్రము పుచ్చుకొనదు.

మా వాని యింటిపేరు భూక్య. పదవ తరగతి మెమోలో అది ఒంటి అక్షరమై, ప్రక్కన చుక్క తగిలించుకొని కూర్చున్నది. ఆధారులో నిండుపేరై తుదిని దీర్ఘము తీసినది. పాసుపుస్తకములో ఎవరి తొందరవలననో ఒత్తు పోగొట్టుకొన్నది. తండాలో ఒక్కడై పుట్టినవాడు సర్కారు లెక్కలో మువ్వురు అన్నదమ్ములైనాడు. మువ్వురిలో నెవనికి ఉపకారము చేయవలెనో తోచక యంత్రము నోరు మూసికొన్నది. ఇంతటితో పోలేదు. మా బయ్యారము 2016 అక్టోబరు 10 రాత్రి ఖమ్మము జిల్లాలో పండుకొని, 11 ఉదయమున మహబూబాబాదు జిల్లాలో మేల్కొన్న ఊరు. ఇల్లు కదలలేదు, చెఱువు కదలలేదు, కొండ కదలలేదు. కాని పిల్లవాని చిన్ననాటి కులపత్రము ఖమ్మమున నుండిపోయి, పిల్లవాడు మహబూబాబాదులో తేలినాడు. కదలినది జిల్లా యైనను, తాను కదలలేదని ఋజువు చేసికొనవలసినవాడు వాడే.

నాకు నవ్వు వచ్చినది. ఏలయన, కాకతీయ ప్రభువులకే వంశధ్రువీకరణ పత్రము నిచ్చిన ఊరు మాది. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ పదమూడవ శతాబ్దిలో ఇచ్చట ధర్మకీర్తిసముద్రమను తటాకమును త్రవ్వించి, శాసనము నిలిపి, దుర్జయ వంశమున వెన్ననృపుడు మొదలు తమవారి పేర్లను వరుసగా చెక్కించినది. కాకతీయుల తొలి తరముల పేర్లు చెప్పవలసివచ్చినపుడు చరిత్రకారులు నేటికిని ఆ రాతిని తడవి చూచుకొందురు. దానిమీద గెజిటెడు అధికారి సంతకము లేదు, ఆన్‌లైను సంఖ్య లేదు, కాలపరిమితి లేదు. అయినను ఎనిమిది వందల యేండ్లుగా చెల్లుచున్నది. మా పిల్లవాని ఆదాయపత్రము ఏడాది తిరుగగనే చెల్లని కాసు.

ఆదాయపత్రమనగా బీదవాడు తా నింకను బీదవాడనే యని ఏటేట చేయు ప్రమాణము. ధనవంతుని ఐశ్వర్యమును ఒకమాఱు చూచిన లోకము నమ్మును. బీదవాని బీదతనమును మాత్రము మీసేవలో దరఖాస్తు పెట్టి, విచారణ జరిపించి, తహసీల్దారు సంతకముతో నమ్మింపవలెను. వెంట వచ్చిన బీసీ పిల్లవాడొకడు తన నియమములు చదివి వినిపించెను: తల్లిదండ్రుల వార్షికాదాయము గ్రామమున 1,50,000 రూపాయలు, పట్టణమున 2,00,000 రూపాయలు మించరాదట. అనగా పల్లె బీదవానికంటె పట్టణపు బీదవానికి యాభైవేల రూపాయల మేర ధనికుడగు హక్కు కలదు. ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో ర్యాంకు 10,000 లోపున్న బీసీ విద్యార్థికి రుసుమంతయు నిత్తురట. ఆపై వచ్చినవానికి ఏటికి 35,000 వఱకే యట. కనుక 10,001వ వాని తండ్రి, ఫలితములు వెలువడిన సాయంకాలమునుండి కొంత తక్కువ బీదవాడగుచున్నాడు. ఆ సంగతి ఆయనకు మాత్రము తెలియదు. ఆయన పొలమునుండి యింకను రాలేదు.

పేర్లు కలిసిన పిదప వ్రేలిముద్ర కావలెనని మమ్ము మఱల మీసేవకు పంపిరి. గడువు పొడిగింపు మాకు ఏటేట వచ్చు పండుగ గనుక, ఆనాటికి మిరపకోతలు ముమ్మరముగా నున్నవి. వాడు సెలవుదినములందు తల్లితో కూలికి పోయి కాయ లేఱిన చేతితో వచ్చి వ్రేలు ఆనించెను. ఎఱ్ఱదీపము వెలిగెను. మఱల ఆనించెను, మఱల ఎఱుపే. "తమ్మీ, నీ వేలు వడ్తలేదు, ఇంకో వేలు పెట్టు" అనెను అచ్చటి అమ్మాయి. "పొద్దున దాంక మిరప తోటలనే ఉన్న అక్కా" అని వాడు సిగ్గుపడి, వ్రేలిని చొక్కాకు తుడిచి, తలవెండ్రుకలలోని నూనెకు రాచి, ఊది, దేవునికి మ్రొక్కినట్లు కన్నులు మూసికొని మూడవమాఱు పెట్టెను. అదియు కాలేదు. అమ్మాయి యంత్రపు గాజును తన చున్నీ అంచుతో తుడిచి, ఆ అంచుతోనే నుదుటి చెమట నద్దుకొని, మఱుక్షణమున "అబ్బా!" యని కన్నులు పట్టుకొని నీళ్లకై పరుగెత్తినది. ఆ దినమున ఆ కేంద్రములో ఒక్క విద్యార్థి బీదతనమునకై కన్నీరు కార్చిన ఏకైక ప్రతినిధి ఆమెయే. అరచేతి గీతలు అరిగిపోయినవానికి జ్యోతిష్కుడైనను భవిష్యత్తు చెప్పజాలడు. ఇక యంత్రము నననేల?

పూర్వము మనవైపు వారాలు చేసికొని చదువుకొను పద్ధతి యుండెను. ఆదివారము కరణముగారింట, సోమవారము వకీలుగారింట, ఇట్లు ఏడు వాకిళ్లు, ఏడు విస్తళ్లు. ఆ విస్తరి ముందట కులమను కంచె యుండుటచే ఊరిలో పెక్కండ్రకు అది అందలేదు. ఆ దోషము దిద్దుటకే గదా 1944 లో షెడ్యూల్డు కులములవారికి, పిదప గిరిజనులకును, మెట్రిక్కు తరువాతి ఉపకారవేతనములు పుట్టినవి. 2008 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున బోధనరుసుమును సర్కారే చెల్లించు పథకము వచ్చి, కూలివాని కొడుకు ఇంజనీరగుట కథలలోనుండి వీథిలోనికి దిగినది. నేనా పథకమును నిందించువాడను కాను. దాని నీడను చదివి ఉద్యోగములకు పోయిన నా శిష్యులు నాకు కనబడినపుడు నమస్కరించుచున్నారు. కాని వారాల యిల్లాలియందొక సుగుణముండెను: ఆకలియైన నాడే అన్నము పెట్టెడిది. ఈ బుధవారపు అన్నమును మఱుసటి యేటి బుధవారమున మంజూరు చేసి, ఆపై యేటి బుధవారమున విడుదల చేసెడిది కాదు.

ఇచ్చట చదువరు లొక వ్యాకరణ సూక్ష్మము గ్రహింపవలెను. లోకమున మంజూరనగా ఇచ్చుట. కచేరీ భాషలో మంజూరనగా ఇయ్యవలెనని యనుకొనుట. ఇచ్చుటకు విడుదల యని వేఱొక ధాతువు కలదు. అది భవిష్యత్కాలమున మాత్రమే వాడబడును. మంజూరైన బిల్లు ఖజానాకు పోయి టోకెను పుచ్చుకొని నిలుచును. తిరుమలలో టోకెను పట్టినవాడు ఆ రాత్రికో మఱునాటికో స్వామి దర్శనము చేసికొని లడ్డుతో ఇల్లు చేరును. ఖజానాలో టోకెను పట్టిన బిల్లు విద్యార్థి పట్టభద్రుడైనను వరుసలోనే యుండవచ్చును. విద్యార్థికి 75 శాతము హాజరు లేనిచో వేతనము లేదు. నిధుల హాజరుపట్టీ మాత్రము ఎవ్వరును తీయరు. వేలకోట్ల బకాయిలు పేరుకొనగా 2025 నవంబరు 3 నుండి కొలది దినములు రాష్ట్రమందలి ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసికొన్నవి. చర్చలు జరిగినవి, కొంత సొమ్ము మాట యిచ్చిరి, తలుపులు తెఱచికొన్నవి. మాట కూడ మంజూరు కోవలోనిదే.

ఈ నడుమ నలిగినవాడు మా పిల్లవాడు. రెండవ సంవత్సరపు రెన్యువలుకు నిరుటి మెమో కావలెను. మెమో కళాశాలలో నున్నది. రుసుము కట్టనిదే మెమో యియ్యమని వారు; రుసుము మేము కట్టుదుము గాని ముందు రెన్యువలు చేసికొమ్మని సర్కారు; రెన్యువలుకు మెమో తెమ్మని యంత్రము. ఈ గానుగకు ఎద్దైనచో సాయంకాలమున నొకమాఱు విప్పి నీళ్లు పెట్టుదురు.

మా ఊరివారి కిది కొత్త కాదు. 2014 పునర్విభజన చట్టపు పదమూడవ షెడ్యూలులో, ఖమ్మము జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారము సాధ్యమా యని ఆఱు నెలలలో పరిశీలింపుమని సెయిలు సంస్థకు వ్రాసిరి. ఖమ్మము జిల్లా యుక్కనగా బయ్యారము కొండలలోని యినుమే యని మే మందఱము అనుకొంటిమి. పరిశీలించిరి, ఖనిజము నాసిరకమనిరి, మఱల పరిశీలింతుమనిరి. కర్మాగారము మా జిల్లాకు వచ్చులోగా మేమే ఆ జిల్లానుండి వెడలిపోతిమి. కావుననే 'మీ దరఖాస్తు మంజూరైనది' అను సందేశము ఫోనులో మ్రోగినపుడు తండాలో నెవ్వరును గంతులు వేయరు. కొండలో ఇనుమున్నది, ఖాతాలో మంజూరున్నది; రెంటిని కరిగించు కొలిమియే లేదు.

ఇట్లు తిరిగి తిరిగి నాకు సమాసము తేలినది. ఇది బహువ్రీహి. బహువ్రీహియందు రెండు పదములలో దేనికిని ప్రాధాన్యముండక, వెలుపలనున్న మఱియొకదానికి ప్రాధాన్యముండును, దానిని అన్యపదార్థమందురు. ఇచ్చట ఉపకారమునకు ప్రాధాన్యము లేదు, వేతనమునకు లేదు, అన్యపదార్థము కాగితము. ఈ పరిశోధనకు నాలో నేనే మురిసికొని, వారము దినములకు మఱల జిరాక్సు మెట్లమీద వాడు కనబడగా, చెప్పబోయితిని. అంతలో వాడే, "మెమో వచ్చింది సార్" అనెను.

"సర్కారు పంపినదా?"

"లేదు సార్. మా అమ్మ మిరప కూలి పైసలు, ఇంకొన్ని షావుకారు దగ్గర తెచ్చి కాలేజీల కట్టింది. సర్కారు ఇచ్చినంక తిరిగి ఇస్తమన్నరు." కొంత సేపు కాగితములు సరిచేసికొని, "సార్, మీరడిగిన విగ్రహవాక్యం గూడ వచ్చింది. ఉపకారం వల్ల రావలసిన వేతనం. సర్కారు కట్టవలసిన ఫీజు మా అమ్మ కట్టింది గద, ఉపకారం ఆమె చేసింది. ఇగ వేతనమే రావాలె" అనెను.

పంచమీ తత్పురుషము. ముప్పదిరెండేండ్లలో నా కెవ్వరును చెప్పని విగ్రహవాక్యము. పదికి పది వేసితినని చెప్పితిని; వాడు నవ్వి, ఆదాయపత్రమునకు ఏడాది నిండెనని, క్రొత్త దరఖాస్తుకు జిరాక్సు తీయించుటకై మెట్లెక్కినాడు.