శుభలేఖ ప్యాకింగు

చూడు నాయనా, ఇంజను నుంచి ఆయిలు కారడం జబ్బు కాదు, వయసు. ఏళ్ల తరబడి వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం. ఆ దెబ్బకి ఇంజను అతుకుల మధ్య వేసే ప్యాకింగు బిగుసుకుపోయి పెళుసెక్కుతుంది, అచ్చం నా మోకాళ్ల మాదిరే. ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి ఆయిలు బయటికొస్తుంది. ఇంతోటి దానికి మీరేం చేస్తారు? ఫోను తీసి, ఈ బండిని ఎత్తుకెళ్లడానికి ఇంకో బండిని పిలిపిస్తారు. అక్కడ ఏసీ గదిలో టై కట్టుకున్న కుర్రాడెవడో కంప్యూటరు చూసి ఒక అంకె చెబితే తలూపి వస్తారు. ఇంజను మొహం చూశావా అంటే లేదంటావు. ఎలా చూస్తావులే, బానెట్టు ఎత్తినా నల్ల ప్లాస్టిక్ మూత తప్ప ఇంకేమీ కనబడని బండ్లాయె మీవి!

మా వాకిట్లో ఉన్న ఓమ్నీ వ్యాను మీకు సినిమాల్లో హీరోయిన్ని ఎత్తుకెళ్లే బండిగా తెలుసు. మాకు పెళ్లిళ్లకి, తిరుపతికి, ధాన్యం బస్తాలకి, పురిటికెళ్లే ఆడపిల్లలకి అన్నిటికీ అదే. 1984లో వచ్చినప్పుడు దాని పేరు ఉత్త మారుతీ వ్యాను. ఓమ్నీ అన్నది తర్వాత తగిలించారు. 2019లో కొత్త భద్రతా నిబంధనలొచ్చి తయారీ ఆపేశారు. ముందు బానెట్టే లేని బండి, ఎవడైనా గుద్దితే డ్రైవరు కాళ్లే బంపరు, ఆపడం న్యాయమే నాన్నా అంటాడు మావాడు. అయ్యుండొచ్చు. న్యాయమైనవన్నీ నాకు నచ్చాలని ఎక్కడా లేదు.

అందులో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల బుల్లి ఇంజను. అది ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తితే ప్రత్యక్షం. అంటే ఇంజను మీద కూర్చుని ఊళ్లు తిరిగామన్నమాట. మే నెలలో బెజవాడ నుంచి గుడివాడ దాకా ఆ సీటు మీద కూర్చుని వెళ్లినవాడికి వేరే తపస్సు అక్కర్లేదు. అయినా ఆ ఏర్పాటులో ఒక సుఖం ఉంది. ట్యాపెట్ కవరు, అంటే ఇంజను పైమూత, దగ్గర ఆయిలు చెమర్చి మానిఫోల్డు మీద పడిందా, కమురు కంపు నేరుగా మన ముక్కుకే వస్తుంది. మీకు సెన్సర్లు, డాష్‌బోర్డులో పచ్చ దీపాలు, ఎర్ర దీపాలు. మాకు ముక్కు. ముక్కుకి ఎవడూ అప్‌డేటు పంపక్కర్లేదు.

మీ మామ్మకి ఆ ముక్కు కూడా అక్కర్లేదనుకో. గేటు ముందు మరక మీద ముగ్గు నిలవకపోతే చాలు, లోపలికొచ్చి నా వైపు ఒక చూపు చూస్తుంది. ధనుర్మాసంలో ప్యాకింగు పోయిందంటే మా ఇంట్లో నెల్లాళ్లు మాటల్లేవు.

అంతకుముందు నాన్నగారి అంబాసిడర్‌కి కార్కు ప్యాకింగు ఉండేది. షాపులో ఏళ్లు పడుండి ఎండి కుదించుకుపోయి, బోల్టు బెజ్జాలకి అందేది కాదు. దాన్ని కాసేపు నీళ్లలో నానేస్తే మళ్లీ సాగి దారికొచ్చేది. ఇది ఏ ఇంజనీరింగు కాలేజీలో చెబుతారు? అంబాసిడర్‌కి అంగుళాల పానాలు, మారుతీకి మిల్లీమీటర్ల పానాలు. ఆ మిల్లీమీటర్లు వచ్చిననాడే అనుకున్నాను, ఇక దేశం చెయ్యిదాటిపోతుందని. ఇప్పుడు మాత్రం ఆ మిల్లీమీటరు పానాలని ఎవడైనా ముట్టుకుంటే ఊరుకోను.

ఆటోనగర్‌లో మేస్త్రీ దగ్గర చూడాలి ప్యాకింగు చెయ్యడం. కొనడం కాదురా, చెయ్యడం! షీటు ముక్క తెచ్చి ఇంజను మీదే పరిచి, గుండుతల సుత్తితో అంచుల వెంట టకటకా తట్టేవాడు. లోహం అంచే కత్తెర. బోల్టు బెజ్జం ఉన్నచోట బేరింగు గోళీ పెట్టి ఒక్క దెబ్బ, గుండ్రంగా చిల్లు. పెన్సిలు లేదు, కొలతలు లేవు, చివరికి ఎత్తి చూపిస్తే అచ్చుగుద్దినట్టు వచ్చేది. షీటు లేని ఊళ్లో బండి ఆగితే? దళసరి శుభలేఖ! హెడ్డుకి కాదులే, హెడ్డుకి రాగిరేకుల మధ్య ఆస్‌బెస్టాస్ పెట్టినదే వెయ్యాల్సి ఉండేది. పెట్రోలు పంపుకో, కార్బొరేటరు అడుక్కో మాత్రం శుభలేఖ అట్టకి గ్రీజు రాసి వేసేవాళ్లు, ఇంటికి చేర్చేది. ఎవరి పెళ్లిదో కార్డు, గణపతి బొమ్మ ఉన్న సగం జాగ్రత్తగా పక్కన పెట్టి, 'బంధుమిత్ర సపరివార సమేతంగా' అన్నవైపు కోసేవాళ్లు. ఇప్పుడు శుభలేఖ వాట్సాప్‌లో వస్తోంది. దాన్ని కోసి ఏ పంపుకి వేస్తావు?

రేడియేటరు కారితే పసుపు పోసేవాళ్లం, పెట్రోలు ట్యాంకు కారితే బట్టల సబ్బు అద్దేవాళ్లం. వంటింట్లోనూ పెరట్లోనూ దొరకని స్పేరుపార్టు ఉండేది కాదు. మీ మామ్మ పోపులపెట్టెలో పసుపు తరచూ ఎందుకు అయిపోయేదో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. నువ్వు చెప్పకు.

ఇక్కడ మా మనవరాలు అడ్డుపడుతుంది. డాక్టరీ చదువుతోంది. "తాతయ్యా, ఆ షీట్లు ఆస్‌బెస్టాస్‌వి, ఆ దుమ్ము పీలిస్తే క్యాన్సరు వస్తుంది" అంటుంది. నిజమే. మేం దాన్ని ఒట్టి చేతుల్తో కోసి, దుమ్ముని నోటితో ఉఫ్‌మని ఊదేవాళ్లం. పని అయ్యాక చేతులు పెట్రోలుతో కడుక్కునేవాళ్లం, అదీ సీసం కలిపిన పెట్రోలు. సీసం లేనిదే అమ్మాలని దేశమంతా రూలు 2000 ఫిబ్రవరిలోగాని రాలేదు. పక్కన మేస్త్రీ బీడీ కాలుస్తుండేవాడు. ఇవన్నీ చెబితే ఆ పిల్ల "మీరెలా బతికారు?" అంటుంది. అదే కదమ్మా నేను చెప్పేది, మా రోజుల్లో మనుషులు గట్టివాళ్లు. బతకనివాళ్లు వచ్చి మా రోజులు బాగాలేవని చెప్పరనుకో, అది వేరే సంగతి.

సరే, దారి తప్పాను. ట్యాపెట్ కవరు ప్యాకింగు మార్చడం గురించి కదా. ముందు ఇంజను పూర్తిగా చల్లారనివ్వు. మీ తరానికి రానిది ఇదే, ఊరికే కూర్చోవడం. కాఫీ తాగు, పేపరు చదువు, పక్కింటాయనతో రాజకీయం మాట్లాడు. చల్లారాక ప్లగ్గు వైర్లు వరస గుర్తుపెట్టుకుని తియ్యి. మీరు ఫొటో తీసుకుంటారులే, మేం బుర్రలో పెట్టుకునేవాళ్లం, ఒక్కోసారి అది బుర్రలోనే ఉండిపోయేది. బోల్టులు తీశాక కవరు రాకపోతే స్క్రూడ్రైవరు దూర్చి లేపకు, అంచు వంగితే జన్మంతా కారుతుంది. సుత్తి కర్రతో పక్కనుంచి మెల్లిగా తట్టు, వస్తుంది. పాత ప్యాకింగు గోకేముందు లోపల శుభ్రమైన గుడ్డ పరుచు. ఒక్క పెళ్ల ఆయిల్లో పడి జల్లెడకి అడ్డుపడిందంటే గంట పని కాస్తా ఇంజను పనవుతుంది. ట్యూబులో వచ్చే ఆ సిలికాను పేస్టుని పెళ్లి కేకు మీద క్రీములాగా పులమకు, మూలల్లో కాస్త చాలు. ఎక్కువైందంతా లోపలికే పోతుంది.

మూత తీశావు కదా, ఫీలర్ గేజి పెట్టి ట్యాపెట్ల సందు కూడా చూసుకో. చూడకుండా మూసినవాణ్ణి మా మేస్త్రీ షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు.

బిగించేటప్పుడు ఒక వైపునుంచి వరసగా కాదు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, రెండు మూడు చుట్లు. బలం చూపించకు, మణికట్టు చాలు. ఎక్కువ బిగిస్తే ఆయిలు ఆగుతుందనుకుంటారు, ప్యాకింగు నలిగి ఇంకా కారుతుంది. తర్వాత ఇంజను వేడెక్కేదాకా నడిపి, టార్చి వేసి చుట్టూ చూడు.

ఒకప్పుడు ఇది ఆదివారం పని. సీటు పైకి లేచిందంటే వీధి వీధంతా వచ్చేసేది. పోస్టుమాస్టరుగారు ఒక సలహా, పాలవాడు ఒక సలహా, స్కూటరు కూడా లేని తెలుగు మేష్టారు అందరికంటే పెద్ద సలహా. మధ్యాహ్నానికి ఎవరో పానా తొక్కేసి పోగొట్టేవాళ్లు, సాయంత్రానికి పకోడీలతో పాటు అది దొరికేది. గంటలో అయ్యే పని పొద్దుగూకేదాకా పట్టేది, అయినా ఎవరికీ తొందర లేదు. ఇప్పుడు సీటు ఎత్తితే ఎవడూ తలుపు తియ్యడు. ఎదురింటి వాళ్లు మాత్రం కాలనీ గ్రూపులో ఫొటో పెట్టారట, రోడ్డు మీద రిపేర్లు చేస్తున్నారని.

ఇంకో బాధ ఉంది, ఎవరికీ చెప్పకు. ఇప్పుడొచ్చే రబ్బరు ప్యాకింగు బావుంది. నానబెట్టక్కర్లేదు, గ్రీజు అక్కర్లేదు, వేస్తే ఏళ్ల తరబడి చుక్క రాదు. కిందటిసారి వేసింది ఎంతకీ పోదే! ఇంక ఆదివారాలు ఏం చెయ్యను? సీరియళ్లు చూడనా? ఈమాటు కాస్త చెమర్చేసరికి నాకు ఎంత హుషారొచ్చిందో మీ మామ్మ చూసి, "ముగ్గు పాడైతే ఈయనకి పండగ" అంది.

ఇదిగో, ఆ ఫోను కింద పెట్టు. వీడియోలో వాడు చెప్పేదీ నేను చెప్పిందే, ముక్క తేడా లేదు. వాణ్ణి లక్షల మంది చూస్తారు, నేను చెబితే నువ్వు ఆవలిస్తావు. ఆ పది-పదకొండు పానా ఇటియ్యి. అది కాదురా, అది పన్నెండు-పదమూడు. నంబరు దాని మీదే రాసుంది, చూసుకో!