పసుపు రంగు చెప్పేంత వరకే

నేను క్లోరోస్కోపును. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పెట్టె, గాజు గొట్టాలు, ఆర్థోటోలిడిన్ ద్రావణం ఉన్న చిన్న సీసా, పోల్చి చూసుకోవడానికి లేత పసుపు నుంచి ముదురు పసుపు దాకా రంగుల వరస. నా ఒళ్లంతా ఇంతే. ఏఎన్ఎం సంచిలోనో, పంచాయతీ ఆఫీసు బీరువాలోనో నా కాపురం. కుళాయి నీళ్లు పట్టి చుక్కలు వేస్తే, నీటిలో క్లోరిన్ మిగిలి ఉంటే పసుపెక్కుతాను, లేకుంటే రంగు మారను. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్నది మన దేశ ప్రమాణం. ఏలూరు జిల్లా ఆరోగ్యం మాట వస్తే అందరి నోటా పెద్దాసుపత్రి, 108, ఆరోగ్యశ్రీ వినిపిస్తాయి. అవి ప్రాణాలు నిలబెడుతున్నాయి, వాటిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ వైద్యసేవ మొదలు కావలసింది మంచం దగ్గర కాదు, ఊళ్లో చివరి కుళాయి దగ్గర అంటాను. అక్కడ కనిపించిన అంకెను రోజూ రాసి దాచుకోవడం కూడా వైద్యమేనన్నది నా వాదన.

ఈ ప్రాంతపు నీటి తీరు తెలిస్తే ఎందుకంటున్నానో అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయల్దేరిన ఏలూరు కాలువ తాడేపల్లిగూడెం వైపుగా ఏలూరు చేరుతుంది. మరోవైపు నుంచి కృష్ణా కాలువ వస్తుంది. ఇంకా దిగువన కొల్లేరు. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వాటితోపాటు ఊళ్ల డ్రెయిన్లు, వరిచేల నీళ్లు అన్నీ అందులోకే వస్తాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. లంక గ్రామాల చుట్టూ కనుచూపు మేర నీళ్లే, అయినా తాగే నీటికి కటకట. చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది కాబట్టి కాలువ నీటిని మంచినీటి చెరువులకు పెట్టుకుని, వేసవిలో కాలువలు కట్టేసినన్నాళ్లూ దానితోనే నెట్టుకొస్తారు. నిలవున్న నీటిలో నాచు, కుళ్లిన ఆకు, మట్టి పెరిగేకొద్దీ అవి క్లోరిన్‌ను తినేస్తాయి. ట్యాంకులో బ్లీచింగ్ కలిపిన మాట నిజమే అయినా, చివరి వీధికి వచ్చేసరికి నా గొట్టంలో పసుపు కనబడకపోవచ్చు. పైగా ఆ పౌడరు గాలీ తేమా తగిలితే సత్తువ కోల్పోతుంది. మూతి విప్పిన బస్తాలో బరువు ఉంటుంది గానీ బలం ఉండదు. చేపల చెరువుల మురుగు కలిసిన నీటిలో అమ్మోనియా ఉంటే చిక్కు మరీ ఎక్కువ. క్లోరిన్ దానితో జతకట్టి బలహీనపడుతుంది, అప్పుడు నా పసుపు ఆలస్యంగా తేలుతుంది. వెంటనే వచ్చిన రంగును చదవాలి. నిదానంగా వచ్చినదాన్ని చూసి ‘ఉంది’ అని రాసేస్తే సూక్ష్మజీవులకు దారి తెరిచినట్టే. అందుకే కలిపిన బ్లీచింగ్ లెక్క ఒకటి, చివరి కుళాయి లెక్క మరొకటి. మనుషుల పొట్టలోకి వెళ్లేది రెండోదే.

అయితే నా చూపు చాలా చిన్నది. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది, ఒకరు మరణించారు. కోవిడ్ కాదని తేలింది, ఒకరినుంచి ఒకరికి సోకిన జాడా లేదు. చాలామంది త్వరగానే కోలుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ కూడా నమూనాలు పట్టుకెళ్లాయి. చివరికి వేళ్లు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగాయి. వీటిలో ఏ ఒక్కటీ నా కంటికి ఆనదు. సీసం ఉన్నా, పురుగుమందు ఉన్నా, క్లోరిన్ సరిపడా ఉంటే నేను నిండుగా పసుపెక్కి చూపిస్తాను. నన్ను చూసి నీరు మంచిదన్న మాట అనకూడదు, క్లోరిన్ ఉన్న నీరు అని మాత్రమే అనాలి.

మున్సిపల్ నీరు తాగనివాళ్లు కూడా అప్పుడు పడిపోయారు కదా, నీటి పరీక్షల గొడవ ఎందుకని అడిగేవారున్నారు. బలమైన ప్రశ్నే. కానీ ఒక కారణాన్ని పక్కన పెట్టగలగడం కూడా వైద్యానికి సాయమే. నీరు కాదని మొదటి రోజే చెప్పగలిగితే కూరగాయల మీదికీ పాల మీదికీ దృష్టి అంత త్వరగా మళ్లుతుంది. అలా చెప్పాలంటే అంతకుముందు నెలల, ఏళ్ల లెక్కలు చేతిలో ఉండాలి. మామూలు రోజుల్లో ఈ ఊరి నీటిలో, కూరలో, రక్తంలో సీసం ఎంతో తెలియనప్పుడు, ఉపద్రవం నాడు దొరికిన అంకె కొత్తదో పాతదో ఎవరు తేల్చగలరు? ఢిల్లీకి, హైదరాబాదుకు, నాగపూరుకు నమూనాలు ప్రయాణం కట్టడంలో తప్పు లేదు. పోల్చి చూసుకోవడానికి నిన్నటి అంకె ఇక్కడ లేకపోవడమే లోటు.

బీద జిల్లాకు ఇదంతా తలకు మించిన ఖర్చని మరో అభ్యంతరం. నాకయ్యే ఖర్చు స్వల్పం, కావలసింది నన్ను సంచిలోంచి తీసే చేయి. రసాయన పరీక్షలు ఖరీదైనవే, కానీ అవి రోజూ అక్కర్లేదు. వర్షాకాలానికి ముందూ వెనకా, పైరుకు మందు కొట్టే రోజుల్లో, కాలువలు కట్టేసిన వేసవిలో చేసినా చాలు. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి సామాజిక వైద్య విభాగానికి కొల్లేరు కంటే మించిన పాఠశాల ఎక్కడుంటుంది? ఇక అందరూ ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కుంటున్నారుగా అనేవారికి ఒక్క మాట. ఆ నీటిలో సాధారణంగా క్లోరిన్ మిగలదు. క్యాన్ కడగకపోయినా, ముంచే గ్లాసు మురికిదైనా దాన్ని కాపాడేది ఏదీ ఉండదు. కొనలేని ఇల్లు ఎలాగూ కుళాయి మీదే బతుకుతుంది.

నాకన్నా మెరుగైనవి వచ్చాయి. ఆర్థోటోలిడిన్ విషగుణం వల్ల చాలా దేశాలు గులాబీ రంగు చూపే డీపీడీ పరీక్షకు మారిపోయాయి. ఇక్కడా మారితే నాకు సంతోషమే, నా స్థానం పోతుందన్న చింత లేదు. రంగు ఏదైనా సరే, అంకె జనం కళ్లబడాలి. బయటపెడితే జనం బెదిరిపోతారని వెనకాడడం సరికాదు. 2020 డిసెంబరులో జనాన్ని ఎక్కువ వణికించింది ఏమీ తెలియకపోవడమే. నీళ్లట్యాంకు గోడ మీద తేదీ, చివరి వీధి పేరు, రీడింగు రోజూ రాయించాలి. సున్నా వచ్చిన రోజున కూడా అదే గోడ మీద అంత పెద్ద అక్షరాలతోనే రాయించి, కాచి చల్లార్చి తాగమని ఆశా కార్యకర్త చేత ఇంటింటికీ చెప్పించాలి.