ఆలస్యం అమ్మబడును

ముందుగా అభినందనలు. చందూర్ వైపు పోస్టింగ్ దొరకడమంటే మాటలా! నిజాంసాగర్ నీళ్లు, రెండు పంటల వరి, ధర పలికే భూములు. (ఊరి పేరు ఉదాహరణకే. మీ మండలం పేరు వేసుకుని చదువుకోండి.) పోస్టింగ్‌కు పెట్టిన పైసలు ఎన్నాళ్లకు తిరిగొస్తాయోనన్న బెంగ మీకుంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదట సరుకేమిటో తెలుసుకోండి. మీరు సంతకం అమ్ముతున్నారని లోకం అనుకుంటుంది. సంతకం ఎలాగూ పెట్టాల్సిందే, దానికి సర్కారు జీతమిస్తోంది. మీరు అమ్మేది ఆలస్యం. దాన్ని ముందు తయారుచేసుకోవాలి. పట్టా మార్పిడికి రైతు వచ్చాడా, "సర్వర్ డౌన్" అనండి. మర్నాడు "సర్వేయర్ రాలే" అనండి. మూడోసారి "సార్ మీటింగ్‌కు పోయిండు" చాలు. "జర చూడుర్రి సారూ" అంటూ తనే జేబు తడుముకుంటాడు. మీరు అడగనే లేదు, గమనించారా!

చెయ్యి తడిపితే ఫైలు ఉరుకుతుందని వాదించిన పండితులున్నారు. గౌరవించండి, నమ్మకండి. స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ 1968లోనే గుట్టు విప్పాడు: పైసలు రాలతాయని తెలిసినచోట ఫైలును కావాలనే ఆపుతారు. ఆయనకు తర్వాత నోబెల్ కూడా ఇచ్చారు, మన వ్యాపార రహస్యం బయటపెట్టినందుకు కాదులెండి.

ఆలస్యం విలువ వడ్ల కొనుగోలు కేంద్రంలో తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, పైన మబ్బు. గన్నీ సంచులు రాలేదు. వచ్చేసరికి హమాలీలు లేరు. వాళ్లు దొరికేసరికి లారీ లేదు. లారీ మిల్లుకు చేరితే అక్కడ దించుకోరు. వీటిలో కొన్ని నిజమైన కొరతలే. ఏది నిజమో, ఏది తయారుచేసిందో రైతుకు అంతుపట్టకపోవడమే మన పెట్టుబడి. సరిగ్గా చినుకు పడబోయే ముందు "తాలుంది, తేముంది, సంచికి రెండు కిలోల కడ్తా" అనండి. 40 కిలోలు తూచి 38 రాస్తే నూటికి ఐదు. 2024-25లో ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2,320 రూపాయలు. వంద క్వింటాళ్లు తెచ్చిన రైతుకు 11,600 రూపాయలు రసీదు లేకుండా జారిపోతాయి. లంచమన్న మాట ఎవరి నోటా రాలేదు. వచ్చే పంటకు అతను ఎరువు ఉద్దెర తెస్తాడు, మిత్తి కడతాడు, కిరాణా కొట్టు బాకీ ఆపుతాడు, కొట్టువాడు ఇంకెవరి బాకీనో ఆపుతాడు. అది మన శాఖ కాదు.

ఇక కుర్చీ సంగతి. గుత్తాధికారానికి ఇష్టారాజ్యం కలిపి, జవాబుదారీతనం తీసేస్తే అవినీతి అని రాబర్ట్ క్లిట్‌గార్డ్ 1988లో సూత్రం రాశాడు. ఆయన దాన్ని హెచ్చరిక అనుకున్నాడు. మీరు వంట పద్ధతిగా వాడుకోండి. 2020లో తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ రద్దయినప్పుడు మనవాళ్లు అనవసరంగా దిగులుపడ్డారు. ఆ ఏడాదే వచ్చిన ధరణి భూరికార్డుల పోర్టల్‌లో తప్పు దిద్దించుకోవాలంటే కలెక్టర్ లాగిన్ దాకా పోవాల్సి వచ్చింది. కుర్చీలు తగ్గాయి, వరుస పొడుగైంది. 2025లో భూభారతి చట్టం ఆ అధికారాలను మళ్లీ కిందికి పంచింది, అప్పీలుకు దారి పెట్టింది. ఇలాంటివి కాస్త కనిపెట్టుకుని ఉండాలి.

అత్యాశ వద్దు. బోధన్ వాణిజ్య పన్నుల కార్యాలయంలో ఒకే చలానాను పలువురు వ్యాపారుల లెక్కల్లో చూపారన్న వ్యవహారం 2017లో బయటపడి సీఐడీ దాకా పోయింది. కాగితం మిగిల్చే పని మనది కాదు. ఆలస్యానికి చలానా ఉండదు.

చట్టంతో సగమే స్నేహం చేయండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. ఇది అందరికీ చెప్పండి. బలవంతం మీద ఇచ్చి, ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసినవాడికి ఆ శిక్ష వర్తించదన్న మిగతా సగం మాత్రం పొరపాటున కూడా నోరుజారకండి. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064 ఉన్న పోస్టర్ మీద క్యాలెండర్ తగిలించండి. నోట్లు మీ చేత్తో ముట్టకండి: ఏసీబీవాళ్లు నోట్లకు పూసే పొడి కంటికి ఆనదు, ద్రావణంలో చేతులు ముంచాకే గులాబీ రంగు తేలుతుంది.

కాంటా వరుస బోర్డు మీద రాసినా, తేమ యంత్రం చూపిన అంకె రైతు చేతికి రాసిచ్చినా గిరాకీ పడిపోతుంది. బోర్డును గోడవైపు తిప్పి పెట్టండి. ఇంతకన్నా ప్రమాదం, "ఎందుకు ఆగిందో రాసియ్యుండ్రి" అని నెమ్మదిగా అడిగే మనిషి. సమాచార హక్కు దరఖాస్తు వాడి సంచిలో ఉండే ఉంటుంది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అలాంటివాడి పని వెంటనే చేసిపెట్టండి, చాయ్ కూడా తాగించండి. కానీ ఆ మాట సాయంత్రానికి కల్లాలన్నీ తిరుగుతుంది, మర్నాడు పదిమంది వస్తారు. అప్పుడు బదిలీకి దరఖాస్తు పెట్టుకోవడమొక్కటే దారి. పైఆఫీసులో అది ఎన్నాళ్లు ఆగుతుందో, ఎవరి చెయ్యి తడిపితే కదులుతుందో మీకు మేం చెప్పాలా?