‘డాడీ ఈజ్ డూయింగ్ మిర్చి’: టీకా తాత్పర్యం

అవతారిక: గుంటూరు బ్రాడీపేటలో ఏ లైనూ ఏ అడ్డరోడ్డూ కలిసినా అక్కడొక కోచింగ్ సెంటర్ ఉంటుంది. అందులో ఒకదాంట్లో, ఐఈఎల్‌టీఎస్ రాసి పైదేశాలకు పోదలచిన బీటెక్ పట్టభద్రులకు అడ్వాన్స్‌డ్ సంభాషణ తరగతి జరుగుతుండగా, వెనక బెంచీ నుంచి విన్న వాక్యమిది. మూలంలో లేనిది రాయనని కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ బంధనం లేదు.

మూలం: సర్, మైసెల్ఫ్ ఫ్రమ్ చిలకలూరిపేట ఓన్లీ. డాడీ ఈజ్ డూయింగ్ మిర్చి.

ప్రతిపదార్థం: సర్ = ఓ గురువర్యా (తరువాతి మాట తట్టేవరకు ఊపిరి తీసుకునే చోటు); మైసెల్ఫ్ = నేను; ఫ్రమ్ చిలకలూరిపేట = దాని పక్క పల్లెవాడను (2022 నుంచి అది పల్నాడు జిల్లా; శిష్యుడి నోట ఇంకా గుంటూరే); ఓన్లీ = పాదపూరణము, కంగారు చేత వచ్చినది; డాడీ = ఇంట్లో నాన్న; ఈజ్ డూయింగ్ = నారు పోసి, నాటి, నల్ల తామర పురుగుకు మందు కొట్టి, కోయించి, కల్లంలో ఎండబెట్టి, తాలుకాయ ఏరించి, టిక్కీలకెత్తి, యార్డుకు తోలి, రేటు నచ్చక కోల్డ్ స్టోరేజీలో పెట్టి, కమీషన్ ఏజెంటు ఫోను కోసం చూచుచున్నాడు; మిర్చి = తేజ రకం.

తాత్పర్యం: మా నాన్న రైతు.

విశేషాంశం: గురువుగారు దీన్ని ‘మై ఫాదర్ గ్రోస్ చిల్లీస్’ అని దిద్దారు. వాక్యం నిర్దుష్టమైంది. కోల్డ్ స్టోరేజీ మాత్రం అందులోంచి ఎగిరిపోయింది.

లక్షణ విచారం: మన శాస్త్రకారులు వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడింటితో సరిపెట్టుకున్నారు. ఐఈఎల్‌టీఎస్ వారికి నాలుగు కావాలి: పొందికైన ధార, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. నడుమ ఒక చీటీ ఇస్తారు. నిమిషం ఆలోచించుకుని, రెండు నిమిషాల దాకా ఏకధాటిగా చెప్పాలి. తరగతి సాధనలో మన శిష్యుడికి వచ్చిన చీటీ: ‘మీరొకరితో విభేదించిన సందర్భాన్ని వర్ణించండి.’ అతడు స్తంభించాడు.

ఇంగ్లీషు రాకనే అని కొందరు వ్యాఖ్యాతలు. అది అసంగతం. ఇంటర్ రెండేళ్లూ అతడున్నది రెసిడెన్షియల్ కాలేజీలో. తెల్లవారకముందు స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. పక్కవాడితో పలికితే నిలబెట్టేవారు. విభేదించడానికి వేళేదీ? ఆ నోరు మూయించడానికి తండ్రి ఒక ఫీజు కట్టాడు, తెరిపించడానికి ఇప్పుడింకొకటి కడుతున్నాడు. రెండూ ఆ మిర్చిలోంచే.

ప్రక్షిప్తం: విరామంలో మెట్ల మీద అదే శిష్యుడి ఫోను సంభాషణ. “ఏంది నాన్నా, ఆ రేటుకిచ్చేస్తావా? అమ్మమాక. ఏజెంటు అట్టానే అంటాడు, బాకీ ఉన్నావు గదా! యార్డులో ఇంకో ఇద్దర్ని అడుగు ముందు.” పొందికైన ధార, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ: ఏ లోపమూ లేదు. తొమ్మిదికి తొమ్మిది బ్యాండ్లూ ఇవ్వదగును.

లోపలికొచ్చాక మళ్లీ అదే చీటీ. “సర్, జస్ట్ నౌ ఐ యామ్ ఫైటింగ్ విత్ డాడీ” అని ఎత్తుకున్నాడు. ఏజెంటు వచ్చాడు, బాకీ వచ్చింది, యార్డు వచ్చింది. అతడి చేతులు కూడా మాట్లాడసాగాయి. రెండో నిమిషంలో అడుగుపెడుతుండగా గురువుగారు చెయ్యెత్తి ఆపి, ‘ఐ యామ్ ఫైటింగ్’ కాదు, ‘ఐ వాజ్’ అన్నారు.

“సారీ సర్” అని శిష్యుడు కూర్చున్నాడు.